రైలెక్కిన ఉడత

"ఆఫీస్‌కి వెళ్ళలేదా నువ్వు?"

ఆ గొంతు వినగానే అనుదీప్ చదవడం ఆపేశాడు. లైబ్రరీలో పిల్లల గది అది. తివాచీ మీద చిన్నపిల్లలు, వాళ్ళ వెనక అమ్మలూ అమ్మమ్మలూ కూర్చున్నారు. వాళ్ళ ఎదురుగా అనుదీప్, ఆఫీసు బట్టల్లోనే, ఒక బుల్లి కుర్చీలో ఇరుక్కుని, ఉడత గొంతుతో బొమ్మల పుస్తకం చదువుతున్నాడు. గుమ్మంలో అతని భార్య రష్మి నిలబడి ఉంది. ఆమె చెయ్యి పట్టుకుని మూడేళ్ళ కూతురు హంసిక.

పొద్దున "ట్రైన్ మిస్సవుతా" అంటూ ఇంట్లోంచి పరిగెత్తిన మనిషి అతను.

"రష్మీ, బయటికెళ్ళి మాట్లాడుకుందాం..."

"డాడీ!" హంసిక చెయ్యి విడిపించుకుని, పిల్లల్ని దాటుకుంటూ వచ్చి అతని ఒళ్ళోకి ఎక్కేసింది. "మన స్క్విరల్ బుక్! రీడ్ చెయ్ డాడీ!"

"మధ్యలో ఆపితే వీళ్ళు ఊరుకోరు బాబూ," అంది ముందు వరసలో ఉన్న తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ నవ్వుతూ. "మా అమ్మ నాకు చదివింది, నేను నా కూతురికి చదివాను. ఇప్పుడు మనవరాలి వంతు."

రైలు పెట్టె మీద నిద్రపోయి పట్నం చేరిన ఉడత కథ అది. ఆ చుట్టుపక్కల పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ పుస్తకం ఉంటుంది. అనుదీప్ ఇంట్లోనూ ఉంది. రోజూ పడుకునే ముందు హంసిక దాన్ని ఈడ్చుకుంటూ తండ్రి దగ్గరికి వస్తుంది. ఈ మధ్య అతను "నాకు కాల్ ఉందమ్మా, అమ్మ చదువుతుంది" అని తప్పించుకుంటున్నాడు.

ఇప్పుడు తప్పించుకునే వీల్లేదు. చివరి పేజీ తిప్పాడు. సాయంత్రానికి ఉడత ఇల్లు చేరింది. చెట్టు తొర్రలో తల్లి ఉడత ఎదురుచూస్తోంది.

"పొద్దుటినుంచీ ఎక్కడున్నావ్?" తల్లి ఉడత మాటని పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. అందరికన్నా గట్టిగా హంసిక అరిచింది.

తర్వాతి వాక్యం అనుదీప్ చదవలేదు. పుస్తకం కూతురి చేతిలో పెట్టి లేచాడు. "ఒక్క నిమిషం చూస్తారా?" అని లైబ్రేరియన్‌ని అడిగి, రష్మి వెనకే వరండాలోకి నడిచాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది రష్మి.

"నెల దాటింది. టీమ్ మొత్తాన్నీ ఒక్క కాల్‌లో లేఆఫ్ చేశారు."

"నెల! నెలంతా నా చేత లంచ్ బాక్స్ కట్టించుకుని, టై సరిచేయించుకుని..."

"మన ఊళ్ళో, నేపర్‌విల్ లైబ్రరీలో కూర్చుంటే మనవాళ్ళెవరో ఒకరు చూస్తారు. అందుకే స్టేషన్‌కని తీసిన కారులోనే ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చి ఇక్కడ కూర్చుని జాబ్స్‌కి అప్లై చేస్తున్నా. కథలు చదివే ఆవిడకి ఒకరోజు గొంతు పోయింది. ఖాళీగా కనిపించానేమో, నన్నడిగారు."

"బాగుంది. ఊళ్ళోవాళ్ళ పిల్లలకి గొంతులు మార్చి మరీ చదువుతావ్. కన్నకూతురికి మాత్రం కాల్ ఉంటుంది." రష్మి కళ్ళు నిండాయి. "అది ఆ పుస్తకం పొట్ట మీద పెట్టుకుని నిద్రపోతోంది, చూశావా ఎప్పుడైనా?"

"చూశాను." అనుదీప్ తల దించుకున్నాడు. "ఆ చివరి పేజీ రాగానే అది నా మొహంలోకి చూస్తుంది రష్మీ. 'నువ్వెక్కడున్నావ్ డాడీ' అంటుంది. ఆఫీస్‌లో అని చెప్పాను. మర్నాడు మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు. ఇక్కడి పిల్లలు నన్నేమీ అడగరు."

రష్మి గోడకి ఆనుకుంది.

"నాకు చెప్పచ్చు కదా?"

"చెబుదామనే అనుకున్నా. ఆ వారం నీ ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది, టెన్షన్‌లో ఉన్నావ్. లేటయ్యేకొద్దీ నోరు రాలేదు. ఇంతకీ నేనిక్కడున్నానని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏంలే."

అనుదీప్ గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తిట్లు పడినా అతనికి గుండె కాస్త తేలికైనట్టుంది.

"మరీ అంత భయపడాల్సిందేం లేదు. జాబ్ పోయినా ఇక్కడ ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్ ఇంకొన్నాళ్ళుంది. ఈలోపు జాబ్ రాకపోతే నీ హెచ్‌వన్ వీసా మీద డిపెండెంట్‌గా మారిపోతా. ఇండియాకి వెళ్ళక్కర్లేదు, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు. నీ జాబ్ ఉందన్న ధైర్యంతోనే ఇన్నాళ్ళూ కంటినిండా నిద్రపోయాను, తెలుసా?"

రష్మి అతని వైపు చూడలేదు. గది అద్దంలోంచి లోపలికి చూస్తోంది. హంసిక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఆ అమెరికన్ ఆవిడకి బొమ్మలు చూపిస్తూ తనే కథ చెప్పేస్తోంది.

"సారీ రష్మీ," అన్నాడు అనుదీప్. "నన్ను పట్టుకోవడానికి లీవ్ పెట్టి, దాన్ని డేకేర్ మాన్పించి ఇంత దూరం రావాల్సొచ్చింది నీకు. పద, దాన్ని నేను డేకేర్‌లో దింపుతా. నువ్వు మధ్యాహ్నం నుంచైనా ఆఫీస్‌కి వెళ్ళు."

ఆమె కదల్లేదు.

"నువ్విక్కడున్నావని నాకు ఎవరూ చెప్పలేదు అనుదీప్," అంది చాలా మెల్లగా. "నన్నెవరూ గుర్తుపట్టని చోటు వెతుక్కుంటూ వచ్చాను. శుక్రవారం నన్నూ తీసేశారు."