మేడ మీద ఎర్ర దుప్పటి

"ఇవాళ మేడ మీద దుప్పటి ఆరేసేది లేదు," అంది భార్య, టీ గ్లాసు మొగుడి ముందు ఠక్కున పెట్టి.

వల సర్దుకుంటున్న పడవవాడు తలెత్తాడు. "ఆరేయకపోతే నేను వల ఎక్కడ వేయాలి?"

"అల్లుడు జీపీఎస్ కొనిచ్చాడుగా. మొన్న నీతో పడవెక్కి, ఆ చోటు అందులో గుర్తు కూడా పెట్టాడు. మీట నొక్కితే అదే దారి చూపిస్తుంది. అటక మీద దాచావు, పిల్లల్ని పెడుతుందనా?"

"మెల్లగా మాట్లాడవే." అతను లేచి వీధి తలుపు దగ్గరగా వేశాడు. "యంత్రంలోకి ఎక్కాక ఇంక రహస్యం ఏముంటుంది? పక్క పడవవాడు ఒక్కసారి తొంగిచూస్తే చాలు, రేపటికల్లా వీధి వీధంతా నా నెత్తిమీద వలలు వేస్తుంది."

సముద్రంలోంచి చూస్తే తమ మేడ మీది ఎర్ర దుప్పటీ, దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకూ ఒకదాని వెనక ఒకటి కనబడాలి. అక్కడ వల వేస్తే చేప ఖాయం. ఇన్నేళ్లలో ఈ గుర్తు సంగతి ఇల్లు దాటి బయటికి పొక్కలేదు. అందుకే ఉతికినా ఉతకకపోయినా దుప్పటి పొద్దున్నే తాడెక్కాలి. జోరువానలో కూడా ఆమె దాన్ని ఆరేసింది. ఇదేం విడ్డూరమని వీధిలో ఒక్కరూ అడగలేదు. ఎంత మర్యాదస్తులో అని ఆమె మురిసిపోయేది.

"మరి పొగమంచు పడితే నీ దుప్పటి కనబడుతుందా? పోయిన వారం నువ్వు ఒడ్డు తెలియక తిరుగుతుంటే రేవులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను. చేపలు దొరక్కపోతే ఇంకేదో వండుకుంటాం. నువ్వే రాకపోతే ఎవరికి వండాలి?"

అతను వల భుజాన వేసుకున్నాడు. ఆమె యంత్రాన్ని దింపి క్యారియర్ సంచిలో పెట్టింది. దుప్పటిని నాలుగు మడతలు వేసి, దాని మీద కూర్చుంది.

మధ్యాహ్నం పడవవాడు ఈల వేసుకుంటూ వచ్చాడు. రెండు బుట్టలూ నిండుగా ఉన్నాయి.

"నీ అల్లుడు గట్టివాడే. యంత్రం సరిగ్గా చోటు మీదికి తీసుకెళ్లి కీచుమంది. ఇంకో చిత్రం చెప్పనా? రోజూ నా చుట్టూ తచ్చాడే పడవలు ఇవాళ ఒక్కటీ లేదు. యంత్రాన్ని చూసి జడుసుకున్నట్టున్నారు."

"అయితే దుప్పటి?"

"దాచెయ్. చలికి కప్పుకుందాం."

ఆమె నవ్వుకుంటూ పెట్టె తెరిచేసరికి తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఎదురింటామె పొట్లం పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక పడవవాళ్ల భార్యలు ఏడెనిమిది మంది ఉన్నారు.

"వదినా, మీ ఎర్ర దుప్పటి చిరిగిపోయిందా ఏంటి?"

"లేదే. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఇవాళ మీ మేడ మీద అది కనబడక మా మగాళ్లంతా ఖాళీ వలలతో తిరిగొచ్చారు," అంది ఎదురింటామె, పొట్లం విప్పుతూ. "అందుకే అందరం చందాలేసుకుని కొత్తది కొన్నాం. కాస్త ముదురు రంగు, మంచులో కూడా కనబడుతుందట."