మందు సోకనివారు

మిరప చేలల్లో కూలికెళ్ళే ఎలీసమ్మ బొటనవేలిని ఇంకుప్యాడ్‌కి అద్ది, సమ్మతి పత్రం మీద నొక్కింది. గీత ఒక్కటీ లేకుండా నీలి మచ్చ పడింది.

"నా ముద్ర ఇంతేనమ్మా. రేషన్ మిషను కూడా పట్టదు."

"పర్లేదండి," అంది అమూల్య. పురుగుమందులు తెచ్చే జబ్బుల మీద ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. పొదిలి చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె కలిసిన ఆడవాళ్ళలో ఈమె నూట నలభయ్యో మనిషి. "మీరు పురుగుమందు కొడతారా?"

"ఆడాళ్ళు కొట్టరమ్మా. అది మగాళ్ళ పని."

'మందు సోకనివారు' గడిలో అమూల్య టిక్కు పెట్టింది. మందు కొట్టే మగవాళ్ళతో పోల్చడానికే ఈ ఆడవాళ్ళు. వీళ్ళకూ అవే తలనొప్పులు, అవే వణుకులు ఎందుకొస్తున్నాయో రెండేళ్ళుగా ఆమెకు అంతుపట్టలేదు. తాగే నీళ్ళలో ఏదో ఉందని ఆమె గైడు అనుమానం.

"వాళ్ళు కొడుతుంటే మీరేం చేస్తారు?" పెన్ను మూస్తూ ఊరికే అడిగింది.

"డ్రమ్ములో పొడిమందు కలిపి, ట్యాంకులు నింపి, వాళ్ళ వీపుకెత్తుతాం."

"కర్రతో కలుపుతారా?"

"అడుగున ముద్దలు కర్రకి చితకవమ్మా. చెయ్యి పెట్టాల్సిందే." ఎలీసమ్మ మోచేతి దాకా చూపించింది. "మీరడిగింది కొడతారా అనేగా."

మందుకి గీతలు అరిగిపోయిన ఆ బొటనవేలిని చూసి, అమూల్య సంచిలోంచి మిగతా ఫారాలు తీసి, మొదటి పేజీలోని సమ్మతి పత్రాలు మాత్రం చూస్తూ తిప్పింది. వేలిముద్ర వేసిన ప్రతిచోటా నున్నటి నీలి మచ్చే.

"ఏమ్మా, ఎవరివీ పడలేదా?"

"పడ్డాయండి," అంది అమూల్య. "నేనే చూళ్ళేదు."