ద్రాక్ష పిప్పి

తలుపు తీయగానే పులిసిన కంపు గుప్పుమంది.

వర్షిణి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

వచ్చినవాడు పాండురంగ. కెనడాలోని విండ్సర్‌లో ఎక్కడా రూము దొరక్క, ఈ మధ్యే వర్షిణి వాళ్ళు అద్దెకుంటున్న ఇంటి హాల్లో పరుపు వేసుకున్న స్టూడెంట్. చేతులు ఊదారంగు, గోళ్ళ సందుల్లో నల్లటి జిగురు, వెనకే చిన్న ఈగల గుంపు.

"తాగొచ్చావా?"

"లేదక్కా. పని కాడి వాసన. ద్రాక్ష..."

"ద్రాక్షో, ద్రాక్షసారాయో! ఎవడికి చెప్తావ్ కథలు?"

"గట్ల గాదక్కా, తొక్కలు..."

"ఛీ, దూరం! ఆ సింక్ ముట్టుకోకు. మేం వండుకునే చోటది."

అతను చలిలో బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు.

పాపం అనుకునే తీరిక వర్షిణికి లేదు. రసాయనాలు ముట్టకుండా, ఉత్త వేడినీళ్ళతో ద్రాక్ష తొక్కల్లోంచి యాంటీ ఆక్సిడెంట్లు తీయడం యూనివర్సిటీలో ఆమె ప్రాజెక్టు. ఇంకొక్క బ్యాచ్ తేలితే డిగ్రీ చేతికొస్తుంది. లేదంటే ఏడాది గల్లంతు. ల్యాబ్‌కు తొక్కలు శుభ్రంగా కడిగి, గడ్డకట్టించి వచ్చేవి. వాటికి కంపూ లేదు, ఈగలూ లేవు. గ్లవ్స్ తొడుక్కుని బంగారంలా పట్టుకునేది.

ఆ సాయంత్రమే ఇంటి ఓనర్ శేషగిరికి ఫోన్ చేసింది.

"అంకుల్, ఇంట్లో ఆ తాగుబోతైనా ఉండాలి, మేమైనా ఉండాలి."

మర్నాడే పాండురంగ పరుపు చుట్టుకున్నాడు.

"పోతున్నక్కా," అన్నాడు గుమ్మంలో.

వర్షిణి తల తిప్పుకుంది. అతను వెళ్ళాక హాలంతా కడిగి, అగరొత్తులు వెలిగించి, హమ్మయ్య అనుకుంది.

సోమవారం ల్యాబ్‌లో ఫ్రీజర్ ఖాళీగా ఉంది.

"తొక్కలు రాలేదా ప్రొఫెసర్?"

"ఇక రావు వర్షిణీ. వైన్ కంపెనీవాళ్ళు ద్రాక్ష పిండగా మిగిలిన పిప్పంతా ఎరువుకుప్పలో పోసేశారు."

"మరి నా బ్యాచ్?"

"మళ్ళీ వచ్చే ఏడాది కోతలకే."

"ఇన్నాళ్ళూ పంపినవాళ్ళు ఇంకొక్కసారి పంపలేరా?"

"పంపింది కంపెనీ కాదు." ప్రొఫెసర్ నిట్టూర్చాడు. "అక్కడ పిప్పి ఎత్తే స్టూడెంట్ ఒకడు. మీ భాష అమ్మాయి చదువుకని నేను చెబితే, షిఫ్ట్ దిగాక కూర్చుని గింజలేరి, తొక్కలు కడిగి ఇచ్చేవాడు. ఉంటున్న ఇంట్లోంచి వెళ్ళగొట్టారట, పాపం, ఎక్కడో దూరాన రెజైనా ఊళ్ళో స్నేహితుడి దగ్గరికి వెళ్ళిపోయాడు పాండురంగ."