ఫస్టు క్లాసులో తలపాగా

"ఈ గొళ్ళెం అబద్ధం" అన్నారు నరసింగరావు పంతులుగారు. అని, పట్టకారుతో దాన్ని విరిచి వీధిలోకి విసిరేశారు.

గొళ్ళెం చీమతలంత. అది బిగించిన కొయ్య రైలుపెట్టె మూరెడు. బొబ్బిలిలో తరతరాలుగా వీణలు చెక్కే ఇంటివాడు దాలయ్య, నాలుగు రోజులు కళ్ళు పోగొట్టుకుని తీర్చిన ఇత్తడి ముక్క ఎక్కడ పడిందో ఓమారు చూసి ఊరుకున్నాడు. ఇది మూడోది.

"పందొమ్మిది వందల పదకొండులో బి.ఎన్.ఆర్. రైళ్ళ ఫస్టు క్లాసు గొళ్ళెం కిందికి తిరిగేదిరా. వీణకి మెట్టు తప్పితే ఒక స్వరమే చెడుతుంది. చరిత్ర తప్పితే వంశమే చెడుతుంది."

"తవరు సూసినారేటి బాబూ?"

"చూడక్కర్లేదు. చదివాను."

పంతులుగారి సత్యనిష్ఠ అటువంటిది. నీళ్ళకూజా చట్రాన్ని గాని, కిటికీ దించే తోలుపట్టీని గాని ఆయన క్షమించి ఎరుగరు. ఆ కాలపు పెట్టెలకు చివర దొరల నౌకర్ల కోసం ఒక ఇరుకు గది ఉండేది. అందులోని బల్ల నౌకర్లకు తగినంత గరుకుగా లేదని రెండుసార్లు మార్పించారు.

ఈ మహాయజ్ఞానికి ఫలం ఆదివారం దక్కబోతోంది. ఆనాడు ఆ పెట్టె విజయనగరం పఠనమందిరంలో గాజుబీరువా అధిష్ఠిస్తుంది. వాల్తేరు నుంచి రైల్వే ఇంజనీరు జగన్నాధంగారు వేంచేసి ముసుగు తీస్తారు. దానితో పంతులుగారి తండ్రి, కీర్తిశేషులు సీతాపతిరావుగారు, ఆ పదకొండులోనే చికాకోల్ రోడ్డు, అంటే శ్రీకాకుళం రోడ్డు, స్టేషనులో తెల్ల కలెక్టరు సరసన ఫస్టు క్లాసు ఎక్కిన తొలి తెలుగువాడని లోకానికి రూఢి అవుతుంది. ఇన్నేళ్ళుగా ఈ సంగతి పంతులుగారు చెబుతూంటే పట్టణంలోని పెద్దమనుషులకు దగ్గు వచ్చేది.

సాక్ష్యం గోడమీదే ఉంది. బంగారుపూత పటం, లోపల ఫొటోను కప్పిన అట్ట, అట్టకు కోడిగుడ్డు ఆకారంలో కోసిన కన్నం. కన్నంలో ఎడమవైపు కలెక్టరు దొరగారి టోపీ, కుడివైపు సీతాపతిరావుగారి తలపాగా. ఇద్దరికీ భుజాల దాకానే దర్శనం.

"మనుషుల్ని ఎలగ నిలబెట్టాల బాబూ?"

"పటం పట్టుకుపో. విప్పి కొలుచుకో. ఫొటోలో ఉన్నది వదలకూడదు, లేనిది చేర్చకూడదు. ఉలిమీద చెయ్యేసి ఒట్టు పెట్టు."

దాలయ్య చెయ్యి వెనక్కి పోయింది. "ఉలిమీద ఒట్టు ఒద్దు బాబూ. అది తప్పినోడు మాలో మరి సెక్క ముట్టడు. మా తాత ఒక్కపాలి తప్పి, సచ్చినదాకా కట్టెలు కొట్టుకు బతికినాడు."

"అందుకే అడుగుతున్నాను."

దాలయ్య ఒట్టు పెట్టాడు.

శనివారం పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. పంతులుగారు చింతపండు పెట్టి ఇత్తడిపలకను స్వయంగా తోముతున్నారు. దానిమీద చెక్కించిన వాక్యం ఇది: 'ఈ పెట్టెయందు తలపాగా ధరించినవారు మా తండ్రిగారు.'

"బాబూ, పటం విప్పినాను. ఆ అట్ట కింద..."

"కొలతలు సరిపోయాయా?"

"సరిపోనాయి. అది కాదు బాబూ. అట్ట కింద..."

"ఒరే, ముప్పై ఏళ్ళు ప్లీడరీ చేశాను. అడక్కుండా నోరు విప్పే సాక్షి కేసు తగలేస్తాడు. నువ్వు చేత్తో మాట్లాడు, చాలు."

"సెయ్యి ఎలగూ మాటాడతాది. ఒట్టేసినాను కదా. తవరొక్కమాటు, ఆ ఒట్టు తీసేశానురా అంటే..."

"అనను! నీ కల్పనలు నా చరిత్రలో దూర్చుదామనా? ఫొటోకి వెంట్రుకవాసి తేడా వస్తే ఆ వేళ్ళు విరగ్గొట్టి నీ చేతికే ఇస్తాను."

దాలయ్య తన వేళ్ళకేసి చూసుకున్నాడు. "తవరి సిత్తం" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం దాలయ్య రైలుపెట్టెను పట్టుముసుగులో తిన్నగా పఠనమందిరానికి తెచ్చాడు. ముఖ్య అతిథికన్న ముందు చూడడం మర్యాద కాదని పంతులుగారు ముసుగు కదపలేదు. ఇత్తడిపలకను మాత్రం నాలుగు మరలతో బీరువాకు బిగింపించారు. దగ్గేవారందరికీ ముందువరసలో కుర్చీలు వేయించారు.

జగన్నాధంగారు పలకను బిగ్గరగా చదివి, చప్పట్ల మధ్య ముసుగు తీసి, భూతద్దం కంటికి ఆనించారు.

"ఆహా, గొళ్ళెం! కిందికి తిరిగేదే!"

పంతులుగారి ఉత్తరీయం దానంతటదే సర్దుకుంది.

"ఫస్టు క్లాసులో దొరగారున్నారు... ఒక్కరే ఉన్నారే? తలపాగా ఏదండీ?" భూతద్దం పెట్టె వెంబడి మెల్లగా జరిగింది. "ఆఁ, దొరికారు! చివర, నౌకర్ల గది గుమ్మంలో."

పంతులుగారు దాలయ్య వైపు తిరిగారు. దాలయ్య సంచిలోంచి ఫొటో తీసి, పెట్టె పక్కన పెట్టాడు. దానికిప్పుడు అట్ట లేదు.

"ఉన్నది ఒదల్లేదు బాబూ. లేనిది సేర్చలేదు."

ముందువరసలో ఒక్కరికీ దగ్గు రాలేదు. అందరూ లేచి నిలబడి చూస్తున్నారు. జగన్నాధంగారు మాత్రం, పనితనం కనబడితే లోకం మరిచే మనిషి, అద్దంలోంచి చూపు తిప్పకుండానే పారవశ్యంతో కేక వేశారు:

"పంతులుగారూ, మీ నాన్నగారి చేతిలో దొరగారి బూట్లు చూడండి, లేసులతో సహా చెక్కాడు!"