మిగిలిన జతలు

"మగ్గాల షెడ్డు దేవరాజులు కొడుకు బూట్లు పోయినాయి. కొత్తవి" అన్నారు ప్రేమానందం సారు, వాచ్‌మన్ వైపు అదోలా చూస్తూ.

వాచ్‌మన్ సెల్లయ్య స్టూలు మీద నుంచి లేచాడు. డెబ్బై ఏళ్ల మనిషి. శ్రీలంకలో యుద్ధం తరిమితే పడవెక్కి వచ్చి, తమిళనాడు శిబిరాల్లో ఏళ్లు గడిపి, చివరికి నగరిలో ఈ ట్యూషన్ సెంటర్ మెట్ల దగ్గర తేలాడు.

"ఆ బిడ్డ నిన్న వట్టికాళ్లతోనే వచ్చినాడు సార్. ముప్పై ఎనిమిది మంది బిడ్డలు, ముప్పై ఏడు జతలు. నేను లెక్క పెట్టినా గదా."

"లెక్క పెట్టినావా? పిల్లల చెప్పులతో నీకేం పని?"

సెల్లయ్య చేతిలో ఒక నోటుపుస్తకం ఉంది. సారు లాక్కున్నారు. లోపలంతా తమిళం. అది సారుకు రాదు. అంకెలు మాత్రం అర్థమయ్యాయి. ఆయనకు అది చాలు. ప్రపంచంలో ఎక్కడేం జరిగినా నగరిలో కూర్చుని తీర్పు చెప్పేసే మనిషి ఆయన.

"దొంగతనానికి పుస్తకం కూడా పెట్టినావే! రా లోపలికి."

లోపల పిల్లలు వ్యాసరచన పోటీకి తయారవుతున్నారు. బోర్డు మీద నిలువుగా ఒక గీత. ఒక పక్క 'మన దేశం'. కరెంటు, రేషను, ఆసుపత్రి, పిల్లలకు భయం లేదు. రెండో పక్క 'యుద్ధం ఉన్న దేశం'. దాని కింద అన్నీ సున్నాలే.

"పిల్లలూ, ఇంతకంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు. యుద్ధం ఉన్న దేశంలో పుడితే మనిషి ఇట్లా తయారైతాడు. కన్ను పక్కోడి చెప్పుల మీదే ఉంటాది."

పిల్లలు ఘొల్లుమన్నారు. రెండో తరగతి భానుప్రియ ఒక్కతే నవ్వలేదు. ఆ పిల్ల ఎర్ర చెప్పులకు రోజూ బకిల్ పెట్టేది ఆ తాతే.

"ఏమయ్యా, మీ దేశానికీ మా దేశానికీ తేడా ఏందో నువ్వే చెప్పు. రాసుకుంటారు."

సెల్లయ్య బోర్డు వైపు చూశాడు.

"కరెంటు మాకూ వస్తా పోతా ఉండేది సార్. తేడా అది కాదు. సాయంత్రమైతే బిడ్డలు ఇంటికి పోతారని ఈడ అందరికీ నమ్మకం. ఆడ లెక్క పెట్టుకోవాల."

"మరి ఈడెందుకు పెడతాండావు?"

"పెట్టకుండా ఉండలేను సార్."

"అయితే ఇంకో చోట పెట్టుకో పో. రేపట్నుంచి రాబాకు."

"పుస్తకం ఇచ్చేయండి సార్."

"ఇది సాక్ష్యం. నా దగ్గరుంటాది." సారు దాన్ని సొరుగులో పడేశారు.

సెల్లయ్య తల వంచుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"తాళం వేసేటప్పుడు ఎవురో ఒకరు ఆ మెట్లకాడ చూసుకోండి సార్."

"వాచ్‌మన్ నాకు చెప్పొచ్చినాడు!"

మూడో రోజు సాయంత్రం ఆరింటికి సారు గుమ్మంలోనే నిలబడి లైటు ఆర్పి, తాళం వేశారు. మెట్ల మీద ఎర్ర చెప్పుల జత ఒకటి ఉంది.

"వస్తువంటే లెక్కలేదు ఈ పిల్లలకు" అని విసుక్కుని, వాటిని కాలితో పక్కకు తోసి, స్కూటరెక్కారు.

గంట తర్వాత భానుప్రియ తల్లి ఉదయలక్ష్మి ఆయన ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. మగ్గాల షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు నిండా నూలు దుమ్ము.

"సార్, మా భాను ఇంటికి రాలా."

సారు దోసె తింటున్నారు.

"యాడో ఆడుకుంటా ఉంటాది తల్లీ. దానికింత భయమా? ఇదేమన్నా శ్రీలంకనా?"

బస్టాండు చూశారు. బజారు చూశారు. దేవరాజులు షెడ్డులో మగ్గాల సందులు కూడా వెతికారు. చివరికి టార్చి వెలుగులో ట్యూషన్ సెంటర్ మెట్ల పక్కన ఎర్ర చెప్పులు ఉదయలక్ష్మి కంటబడ్డాయి. ఆమె పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది.

తాళం తీశారు.

భానుప్రియ తలుపు వెనకాలే పడి ఉంది. ఒళ్లు కాలిపోతోంది. జ్వరంతో చివరి బెంచీ కింద నిద్రపోయి, చీకట్లో లేచి, తలుపు బాది బాది ఏడ్చింది. నాలుగు పక్కలా మరమగ్గాలు మోగే ఆ వీధిలో, మూసిన తలుపు వెనక పసిపిల్ల ఏడుపు ఎవరికి వినబడుతుంది? 'అమ్మా' అనడానికి కూడా గొంతు రావడం లేదు.

"తాత ఉండుంటే..." అంది ఉదయలక్ష్మి, బిడ్డను గుండెకు అదుముకుని. సారు వైపు చూడకుండానే మెట్లు దిగింది. తిట్టి ఉంటేనే సారుకు బాగుండేది.

మర్నాడు పొద్దున్నే సారు సెల్లయ్య గదికి వెళ్లారు. తాళం. మొన్ననే బస్సెక్కాడన్నారు. ఏ ఊరు బస్సో ఎవరూ అడగలేదు.

సారు సొరుగు తీసి ఆ నోటుపుస్తకం ఉదయలక్ష్మి ఇంటికి తీసుకెళ్లారు. తమిళనాడు సరిహద్దు ఊరు; ఆమె ఇంట్లో తమిళం చదువుతారు.

ఆమె ఒక్కో పేజీ తిప్పింది. అన్నిట్లో ఒకటే తీరు. తేదీ. వచ్చిన జతలు ముప్పై ఎనిమిది. సాయంత్రం మిగిలినవి సున్నా. మళ్లీ తేదీ. మళ్లీ సున్నా. చివర్లో ఒక్క తేదీకి మాత్రం జతలు ముప్పై ఏడు, అప్పుడూ మిగిలినవి సున్నానే.

"మొదటి పేజీకి ఏదో పాత కాయితం అంటించినాడు సార్. ఇది ఈడిది కాదు."

"చదువమ్మా."

"వచ్చిన జతలు నలభై ఒకటి. పదకొండు గంటలకు బడి మీద బాంబు పడింది. సాయంత్రం మిగిలినవి పంతొమ్మిది."

ఆమె ఇంక చదవలేక కాయితం సారు వైపు తిప్పింది. అడుగున, వెలిసిపోయిన బడి ముద్ర మీద, ఇంగ్లీషు అక్షరాల్లో ఒక సంతకం ఉంది: సెల్లయ్య, హెడ్మాస్టర్.