ఎడమ భుజం మీది పువ్వు

"లోపల లైట్లు వేసినారంటే గబ్బిలాలు బెదిరి చెదిరిపోతాయన్నా. పిల్లలు పెట్టే కాలం ఇది. తల్లి నుంచి జారిన పిల్ల కింద పడి చస్తుంది!"

గుహ నోటికి అడ్డంగా నిలబడి అంది పావని. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. పెనుకొండ దగ్గరి ఈ గంగమ్మ గవిలో రెండేళ్లుగా గబ్బిలాల మీద పరిశోధన చేస్తోంది.

"గవి కంపు కొడతాండాది. అమ్మకు ఇదేం కర్మ పాపా?" గుడి కమిటీ పెద్ద తిమ్మరాజు అందరికంటే గట్టిగా అరిచాడు. "హరి సారు హిందూపురం నుంచి లైట్లు, బండలు, మేస్త్రీలతో సహా వచ్చినాడు. ఇప్పుడు పొమ్మంటామా?"

దాత హరి ఇబ్బందిగా నవ్వాడు. "నాదేముందప్పా, అమ్మ ఎట్లంటే అట్ల."

"అయితే అమ్మనే అడుగుదాం. పువ్వు పెట్టు ఉలిగప్పా!"

పూజారి ఉలిగప్ప గవి నోటి దగ్గరున్న అమ్మ విగ్రహం భుజాల మీద రెండు తడి చామంతులు పెట్టాడు. కుడి పువ్వు ముందు పడితే అమ్మ సరేనన్నట్టు. ఎడమది పడితే వద్దన్నట్టు. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ మారు మాట్లాడరు.

పావని పక్కకు జరగక తప్పలేదు. రెండేళ్లు తీసిన ఫొటోలు, ఆఫీసుల చుట్టూ తిరిగి ఇచ్చిన అర్జీలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. అంతా ఇప్పుడు ఆ రెండు పువ్వుల చేతిలో ఉంది.

"లైట్లు వేస్తాం తల్లీ, సరేనంటే కుడి పువ్వియ్యి!" తిమ్మరాజు మొక్కాడు.

పైన చీకట్లో గబ్బిలాల పిల్లల కిచకిచ తప్ప ఇంకేమీ వినిపించలేదు. పావని ఏ దేవుణ్ణీ ఏనాడూ ఏదీ అడిగిన మనిషి కాదు. ఇప్పుడు మాత్రం కళ్లు మూసుకుని అడిగేసింది.

"ఎడమ పువ్వు! ఎడమ పువ్వు!" ఎవరో కేకేశారు.

హరి లెంపలేసుకున్నాడు. "లైట్లొద్దు. ఆ బండలు కొండ మెట్లకు వేయండి. లోపలికి ఎవరూ పోవద్దు."

పావని ఏడుస్తూ, నవ్వుతూ కొండ దిగింది. జనం కూడా దిగారు.

తిమ్మరాజు మాత్రం ఆగి, పూజారి చెవి దగ్గర వంగాడు. "బతికిచ్చినావు ఉలిగప్పా. దాత మొగం మీద నేనెట్ల కాదంటాను? ఈ గబ్బిలాయిలు లేకుంటే నా చెనిక్కాయ చేనంతా పురుగుల పాలే గదా. నేను చెప్పినట్టే కుడి పువ్వుకు మైనం గట్టిగా అంటిచ్చినావు."

"అంటిచ్చినానప్పా... అంతమంది చూస్తాంటే చేతులు ఒకటే వణుకు."

తిమ్మరాజు మెచ్చుకోలుగా కుడి పువ్వును వేలితో ముట్టాడు. తాకీ తాకగానే అది జారి పడింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. తిమ్మరాజు వంగి, అమ్మ పాదాల దగ్గర పడి ఉన్న ఎడమ పువ్వును తీసి తిప్పి చూశాడు.

దాని అడుగున ఇంత మైనం!