డేగలకిచ్చిన గొంతు

ఓబులపతి నాకు చేసిన అన్యాయాన్ని ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి? ఇవాళ ఢిల్లీలో ప్రధానిగా ప్రమాణం చేస్తున్నది ఆయనే.

అప్పట్లో ఆయన మా చుట్టుపక్కల ఊళ్ల కాపలా దళానికి నాయకుడు. దళం డ్రోన్లను మేం డేగలనేవాళ్లం. మా జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలే నా కేక విని, "నారపయ్యా, ఆ గొంతు నా డేగలకియ్యబ్బా" అన్నాడు. ఇచ్చాను. డేగల్లోంచి వచ్చే ఆ కేకకు మొదట పిట్టలు లేచిపోయాయి, తర్వాత పక్క దళాలు, చివరికి పాత ప్రభుత్వం.

ఈ పొద్దున నేనూ నా భార్య సుంకులమ్మా కంకులు కోస్తుంటే నాలుగు డేగలు మా నెత్తి మీదికి దిగాయి. నాయకుడి ఉద్యమం పుట్టిన ఈ చేలో స్మారకం కడతారట, మేం ఖాళీ చెయ్యాలట.

"హోయ్! పోండి, పోండి!" అని అచ్చం నా గొంతుతో మమ్మల్ని తోలాయి.

"నీ గొంతే కదయ్యా, నిలబడమని చెప్పు," అంది సుంకులమ్మ.

"నిలబడండి!" అని అరిచాను.

"ఇది సర్కారు గొంతు. ఇంకొకరు వాడితే నేరం," అంది డేగ, నా గొంతుతోనే.

సుంకులమ్మ కొడవలి ఎత్తింది. వెంటనే ఆమె గుండె మీద ఎర్రటి చుక్క వెలిగింది.

"సుంకీ, కింద పడెయ్యే! కాలుస్తాదే!"

కొడవలి పడేసి నా వైపు చూసింది. "ఇచ్చినావు సరే, ఒక్క కేకన్నా మనకు దాచుకోకపోతివే!"

ఇద్దరం రోడ్డెక్కాం. వెనక వదిలేసింది, కోతకొచ్చిన పంటతో సహా, మూడెకరాల పద్దెనిమిది సెంట్లు.